కార్బురేటర్ హాట్‌రాడ్‌కి ఫ్యూయల్ రెగ్యులేటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో గరాజ్‌లో పాత ఫోర్డో షెవీయో పెట్టుకుని శనాదివారాలు దానికే ధారపోసే తెలుగువాళ్ల కోసం రాసింది ఇది. పాత బాడీ, వీ8 ఇంజిన్, దాని మీద కార్బురేటర్ ఉన్న బండి (హాట్‌రాడ్) గురించే ఇక్కడ మాట. పంపు నుంచి కార్బురేటర్‌కి వచ్చే పెట్రోల్ ప్రెషర్‌ని హద్దులో ఉంచేదే రెగ్యులేటర్. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల లెక్క వేరు, వాటి ప్రెషర్లు 40, 60 పీఎస్ఐల్లో (పీఎస్ఐ అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి) ఉంటాయి, ఆ రెగ్యులేటర్ చవగ్గా దొరికిందని తెచ్చి దీనికి బిగించకండి.

అసలు నా బండికి రెగ్యులేటర్ కావాలా?

చాలామందికి అక్కర్లేదు. ముందు మీ పంపు ఏ రకమో చూడండి. ఇంజిన్ బ్లాక్‌కి బిగించిన మామూలు మెకానికల్ పంపు అయితే, దాని లోపల క్యామ్ కదిపే ఆర్మ్ చేసే పని డయాఫ్రమ్‌ని వెనక్కి లాగడం వరకే. పెట్రోల్‌ని ముందుకి నెట్టేది స్ప్రింగ్. అంటే స్ప్రింగ్ ఎంత గట్టిదో ప్రెషర్ అంతే, ఇంజిన్ ఎంత తిరిగినా దాన్ని దాటిపోదు. స్మాల్ బ్లాక్ షెవీకి వచ్చే స్టాక్ పంపు ఐదారు పీఎస్ఐ ఇస్తుంది, హోలీ (Holley) కంపెనీ కార్బురేటర్‌కి కావాల్సిందీ అదే. మధ్యలో రెగ్యులేటర్ పెడితే కొత్తగా వచ్చేది ఏమీ లేదు, లీకయ్యే జాయింట్లు ఇంకో మూడు పెరగడం తప్ప.

ఎలక్ట్రిక్ పంపు అయితే కథ మారుతుంది. హోలీ రెడ్ పంపు 7 పీఎస్ఐకి ఫ్యాక్టరీలోనే సెట్ అయి వస్తుంది కాబట్టి హోలీ కార్బురేటర్‌కి నేరుగా పెట్టుకోవచ్చు. అదే కంపెనీ బ్లూ పంపు 14 పీఎస్ఐ దాకా పోతుంది, దానికి రెగ్యులేటర్ లేకుండా బండి స్టార్ట్ చేసే ఆలోచనే వద్దు. ఇక పంపు మామూలుదే అయినా కార్బురేటర్ పాతకాలంది, తక్కువ ప్రెషర్‌ది అయితే అప్పుడూ కావాలి.

అవునో కాదో తేలకపోతే రెగ్యులేటర్ కంటే ముందు ఒక ప్రెషర్ గేజ్ కొనండి. కార్బురేటర్ ముందు అది పెట్టి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు) ఎంత చూపిస్తోందో చూశాక మాట్లాడుకోవచ్చు. గేజ్ చూడకుండా రెగ్యులేటర్ కొనేవాళ్లే ఎక్కువ, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏ కార్బురేటర్‌కి ఎంత ప్రెషర్?

పెట్రోల్ మీద నడిచే హోలీకి 5 నుంచి 7 పీఎస్ఐ. ఎడెల్‌బ్రాక్‌కి 5.5 దగ్గర పెట్టండి, 6.5 దాటనివ్వద్దు. ఇవి పాత కార్టర్ డిజైన్ నుంచి వచ్చినవి, ప్రెషర్ కాస్త ఎక్కువైతే చాలు పొంగుతాయి. వెబర్ సైడ్ డ్రాఫ్ట్‌లకి 3, 3.5 చాలు. పాత ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజిన్ మీద కూర్చోబెట్టే స్ట్రామ్‌బర్గ్ 97కి రెండున్నర దగ్గర ఉంచండి, మూడు చూపిస్తే తగ్గించాల్సిందే.

స్ట్రామ్‌బర్గ్ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మార్కెట్‌లో ఎక్కువగా కనిపించే రెగ్యులేటర్ 4.5 నుంచి 9 పీఎస్ఐ రేంజ్‌ది. దాని స్క్రూ పూర్తిగా వదులు చేసినా రెండున్నరకి రాదు. 1 నుంచి 4 పీఎస్ఐ రేంజ్‌ది విడిగా అమ్ముతారు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి డబ్బా మీద నంబర్ చూసి తీసుకోండి.

ఆ పాత కార్బురేటర్లకి ఇంత తక్కువ ప్రెషర్ ఎందుకని అడుగుతారు. 1928 నుంచి 1931 దాకా వచ్చిన మోడల్ ఏ ఫోర్డ్‌లో అసలు పంపే లేదు, ట్యాంకు డ్యాష్‌బోర్డ్ ముందు ఎత్తులో ఉండేది, పెట్రోల్ దానంతటదే కిందికి దిగేది. 1932లో ట్యాంకు వెనక్కి పోయాక పంపు వచ్చింది, అప్పుడు కూడా అది చాలా మెత్తటి పంపే. ఆ రోజుల కార్బురేటర్ మీద 14 పీఎస్ఐ ఎలక్ట్రిక్ పంపు పెడితే పొంగక ఏం చేస్తుంది?

ప్రెషర్ రెండు మూడు పీఎస్ఐ ఎక్కువైతే ఏమవుతుంది, అంత పట్టింపు దేనికి?

మన ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులో బంతి వాల్వ్ ఉంటుంది చూడండి, నీళ్లు నిండగానే బంతి పైకి తేలి పైపు మూసేస్తుంది. కార్బురేటర్ బౌల్‌లో (పెట్రోల్ నిలిచే గిన్నెలో) ఫ్లోట్, నీడిల్ చేసేది అదే పని. నీడిల్‌ని మూసి ఉంచేది ఫ్లోట్ తేలే బలం ఒక్కటే.

లెక్క వేసి చూద్దాం. హోలీలో మామూలుగా ఉండే నీడిల్ సీటు రంధ్రం 0.110 అంగుళాలు. ఆ రంధ్రం మీద 6 పీఎస్ఐ పడితే నీడిల్‌ని కిందికి నెట్టే బలం సుమారు 26 గ్రాములు. 14 పీఎస్ఐ అయితే 60 గ్రాములు. ఫ్లోట్ సైజు మారలేదు, దాని బలమూ మారలేదు, పైనుంచి తోసే బలం మాత్రం రెట్టింపు దాటింది. ఫ్లోట్ ఇంకా లోతుగా మునిగితే గానీ అంత బలం రాదు, అంటే బౌల్‌లో పెట్రోల్ లెవెల్ పెరుగుతుంది. ఇంకా పెరిగితే వెంట్ ట్యూబులోంచి మానిఫోల్డ్‌లోకి, అక్కడినుంచి సిలిండర్‌లోకి పోతుంది. నల్ల పొగ, తడిసిన ప్లగ్గులు, పెట్రోల్ వాసన కొట్టే ఇంజిన్ ఆయిల్, అన్నీ దీని తర్వాతే మొదలవుతాయి. వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోల్ పొంగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

డెడ్‌హెడ్, రిటర్న్ రెగ్యులేటర్లలో ఏది తీసుకోవాలి?

డెడ్‌హెడ్ రకం పంపుకీ కార్బురేటర్‌కీ మధ్యలో కూర్చుంటుంది, కావాల్సిన ప్రెషర్ రాగానే దారి మూసేస్తుంది. ఒక పైపు లోపలికి, ఒకటో రెండో బయటికి, అంతే పని. చవక, సులువు. పంపు మాత్రం మూసిన తలుపుని నెడుతూనే ఉంటుంది. మెకానికల్ పంపుకి దాంతో ఇబ్బంది లేదు, స్ప్రింగ్ ఆగి కూర్చుంటుంది. బ్లూ లాంటి ఎలక్ట్రిక్ పంపుల్లో లోపల బైపాస్ వాల్వ్ ఉంటుంది కాబట్టి అవీ తట్టుకుంటాయి, కానీ అదే పెట్రోల్ పంపులోనే గిరగిరా తిరిగి వేడెక్కుతుంది, పంపు గోల కూడా ఎక్కువే.

రిటర్న్ రకం కార్బురేటర్ దగ్గర కావాల్సిన ప్రెషర్ ఉంచి, మిగిలిన పెట్రోల్‌ని వెనక్కి ట్యాంకుకి పంపేస్తుంది. పెట్రోల్ ఎప్పుడూ కదులుతూ ఉంటుంది కాబట్టి చల్లగా ఉంటుంది, ప్రెషర్ నిలకడగా ఉంటుంది, పంపు నెమ్మదిగా పనిచేస్తుంది. కాకపోతే ట్యాంకు దాకా ఇంకో పైపు లాగాలి, ట్యాంకుకి ఇంకో రంధ్రం కావాలి.

నా మాట అడిగితే, బండి ఇప్పుడే కడుతున్నారు, ట్యాంకు ఇంకా బిగించలేదు అంటే రిటర్న్ పెట్టేయండి, ముఖ్యంగా టెక్సస్, అరిజోనా ఎండల్లో తిప్పే బండి అయితే. పూర్తయిన బండికి, మామూలుగా వీధుల్లో తిప్పే 300 హార్స్‌పవర్ ఇంజిన్‌కి డెడ్‌హెడ్ చాలు. ఆ ఒక్క దానికోసం ట్యాంకు కిందికి దించి వెల్డింగ్ చేయించడం వృథా ఖర్చు.

ఏది ముందు, ఏది వెనక?

ట్యాంకు, ముతక ఫిల్టర్, పంపు, సన్న ఫిల్టర్, రెగ్యులేటర్, గేజ్, కార్బురేటర్. డెడ్‌హెడ్‌కి ఈ వరస మార్చకండి. పంపు ముందు 100 మైక్రాన్ జాలీ ఫిల్టర్ పెట్టండి, అక్కడ సన్న ఫిల్టర్ పెడితే పంపుకి పీల్చడం కష్టమై పెట్రోల్ ఆవిరవుతుంది. పంపు తర్వాత 40 మైక్రాన్‌ది సరిపోతుంది. సన్న ఫిల్టర్ రెగ్యులేటర్‌కి ముందే ఉండాలి. రెగ్యులేటర్ లోపల కూడా ఒక సీటు ఉంది, దాని మీద చిన్న నలుసు పడినా పూర్తిగా మూసుకోదు, ఐడిల్‌లో ప్రెషర్ మెల్లగా పాకుతూ పైకి పోతుంది. రిటర్న్ రకాన్ని కార్బురేటర్‌కి ముందు గానీ, కార్బురేటర్ దాటాక లైన్ చివర గానీ పెట్టుకోవచ్చు, రెండూ పనిచేస్తాయి.

ఎక్కడ బిగించాలి?

కార్బురేటర్‌కి దగ్గరగా, కానీ ఇంజిన్ మీద కాదు. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీదో ఫెండర్ లోపలి వైపో మంచి చోటు. ఇంజిన్‌కి బిగిస్తే వణుకూ వేడీ రెండూ తగులుతాయి. హెడర్స్ (ఎగ్జాస్ట్ పైపులు) పైన మాత్రం అసలు వద్దు. ఏ జాయింట్ లీకైనా ఆ చుక్క ఎక్కడ పడుతుందో ముందే ఊహించుకుని చోటు చూడండి, డిస్ట్రిబ్యూటర్ మీదా ఆల్టర్నేటర్ మీదా పడకూడదు. ఫెండర్లు తీసేసిన హైబాయ్ బండ్లలో ఫైర్‌వాలే గతి, అందుకని చాలామంది క్రోమ్ రెగ్యులేటర్ తెచ్చి అందరికీ కనపడేలా మధ్యలో పెడతారు. పెట్టుకోండి, కానీ స్క్రూడ్రైవర్ అందేలా ఉందో లేదో చూసుకోండి.

రెగ్యులేటర్ బ్రాకెట్ మీద నిలబడాలి. పైపుల మీద వేలాడే రెగ్యులేటర్ ఎప్పుడో ఒకప్పుడు ఫిట్టింగ్‌ని విరగ్గొడుతుంది. ఫైర్‌వాల్ నుంచి కార్బురేటర్‌కి వెళ్లే ముక్క మెత్తటి హోస్ అయి ఉండాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ పక్కకి ఒరుగుతుంది, ఫైర్‌వాల్ ఒరగదు.

ఫిట్టింగులు చూస్తేనే తల తిరుగుతోంది. ఎన్‌పీటీ, ఏఎన్, ఫ్లేర్, ఇవన్నీ ఏంటి?

అందరూ తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఎన్‌పీటీ అంటే కిందికి పోయేకొద్దీ సన్నబడే మర. బిగించేకొద్దీ మర మీద మరే ఒత్తుకుని సీల్ అవుతుంది, కాబట్టి దీనికి సీలెంట్ కావాలి. మామూలు డెడ్‌హెడ్ రెగ్యులేటర్ పోర్టులు 3/8 ఎన్‌పీటీ, గేజ్‌కి 1/8 ఎన్‌పీటీ.

ఏఎన్ అంటే 37 డిగ్రీల శంకువు. ఇక్కడ సీల్ చేసేది మర కాదు, లోహం మీద లోహం ఆనుకునే ఆ వాలు. మర పని పట్టి ఉంచడమే. అందుకని ఇక్కడ సీలెంట్ పూయకూడదు, మర మీద ఒక చుక్క ఆయిల్ చాలు. నంబర్ అంటే పైపు బయటి కొలత అంగుళంలో పదహారో వంతుల్లో, ఏఎన్-6 అంటే 6/16, అదే 3/8.

ఫ్లేర్ అంటే పైపు మూతిని విప్పార్చడం. ఇన్వర్టెడ్ ఫ్లేర్ అంటే డెట్రాయిట్ కంపెనీలు దశాబ్దాలుగా వాడింది, 45 డిగ్రీలు. 3/8 పైపుకి నట్ 5/8-18 మర. 45 డిగ్రీల ఫ్లేర్ చేసిన పైపుని 37 డిగ్రీల ఏఎన్ ఫిట్టింగ్‌కి బలవంతంగా బిగిస్తే మొదటిరోజు లీక్ కాదు, తర్వాత అవుతుంది. ఫ్లేరింగ్ టూల్ కొనేటప్పుడు దాని మీద ఎన్ని డిగ్రీలో చూసుకోండి.

ఇక రిటర్న్ రెగ్యులేటర్లలో చాలావాటికి ఓ-రింగ్ పోర్టులు వస్తాయి. మర నిటారుగా ఉంటుంది, కింద రబ్బరు రింగు సీల్ చేస్తుంది. అందులోకి ఎన్‌పీటీ ఫిట్టింగ్ రెండు చుట్లు ఎక్కినంత మాత్రాన సరిపోయిందనుకోకండి, ఇంకాస్త తిప్పితే అల్యూమినియం బాడీ పగులుతుంది, అంతటితో రెగ్యులేటర్ చెత్తబుట్టకే.

ఎన్‌పీటీ ఎంత బిగించాలి?

చేత్తో ఆగేదాకా, ఆపైన రెంచ్‌తో ఒకటిన్నర నుంచి రెండు చుట్లు. మోచేయి ఫిట్టింగ్ అయితే ఆ చుట్ల లోపలే దాని మూతి కావాల్సిన వైపు తిరిగేలా చూసుకోండి. దాటిపోతే వెనక్కి తిప్పకూడదు, వెనక్కి తిప్పిన ఎన్‌పీటీ కారుతుంది. పూర్తిగా విప్పి, తుడిచి, మళ్లీ సీలెంట్ పూసి మొదటినుంచి బిగించండి. ఈ పని రెగ్యులేటర్‌ని బల్ల మీద వైస్‌లో పెట్టి చేసుకోవాలి, ఫైర్‌వాల్‌కి బిగించాక వంగొని కుస్తీ పడితే బ్రాకెట్ వంకర పోతుంది.

తెల్ల టెఫ్లాన్ టేప్ చుట్టొచ్చా?

వద్దు. టేప్ అంచు తెగి పెట్రోల్‌తో పాటు కొట్టుకుపోయి నీడిల్ సీటులో ఇరుక్కుంటుంది, కార్బురేటర్ పొంగుతుంది, మీరేమో రెగ్యులేటర్‌ని తిడుతూ కూర్చుంటారు. పెట్రోల్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ద్రవ సీలెంట్ తీసుకుని, మొదటి మర వదిలేసి రెండో మర నుంచి పూయండి.

ఏ పైపు వాడాలి?

ట్యాంకు నుంచి ముందుకి వచ్చే పొడవు లైన్‌కి స్టీల్ లేదా నికెల్-కాపర్ ట్యూబ్. అల్యూమినియం కూడా వాడతారు, వంచడం తేలిక, కానీ రాళ్లు తగిలే చోట నాకు నమ్మకం లేదు. ఉత్త రాగి పైపు మాత్రం వద్దు, వణుకుతూ ఉంటే గట్టిబడి ఒకరోజు చటుక్కున పగులుతుంది.

రబ్బరు హోస్ అయితే దాని మీద అచ్చేసిన రేటింగ్ చదవండి. ఎస్ఏఈ జే30 ఆర్7 అంటే కార్బురేటర్ ప్రెషర్‌కి సరిపోయేది. ఇప్పుడు అమెరికాలో బంకుల్లో దొరికేది చాలావరకు ఈ10, పది శాతం ఇథనాల్ కలిసింది, కాబట్టి కాస్త ఖర్చయినా ఆర్9 గానీ ఆర్14 గానీ తీసుకోండి. జడ అల్లిన స్టీల్ హోస్ అందంగా ఉంటుంది కానీ లోపల ఏముందో అడగండి, లోపల మామూలు రబ్బరే అయితే కొన్నేళ్లకి గరాజ్ అంతా పెట్రోల్ వాసన, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) లైనింగ్ ఉంటే ఆ బాధ లేదు. రబ్బరు హోస్ కోశాక లోపల రబ్బరు పొడి మిగులుతుంది, బిగించేముందు గాలి కొట్టి ఊదేయండి. ఈ చిన్న పని మర్చిపోవడం వల్ల పొంగిన కార్బురేటర్లు ఎన్నో.

3/8 లైన్ సరిపోతుందా, 1/2 వేయమంటున్నారు?

మీ ఇంజిన్ 400 హార్స్‌పవర్ అనుకుందాం. ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి అర పౌండు పెట్రోల్ లెక్కన ఫుల్ థ్రాటిల్‌లో గంటకి 200 పౌండ్లు, అంటే దాదాపు 33 గ్యాలన్లు. ఏ 3/8 లైన్ అయినా దాన్ని హాయిగా మోస్తుంది. వీధి బండికి 1/2 లైన్ వేయడం ఫొటోల కోసమే.

గేజ్ ఎలాంటిది కొనాలి?

0 నుంచి 15 పీఎస్ఐ. 0 నుంచి 100 గేజ్ మీద 6కీ 7కీ తేడా కంటికి ఆనదు. గ్లిజరిన్ నింపిన గేజ్ ముల్లు తక్కువ వణుకుతుంది, కానీ హుడ్ కింద వేడెక్కితే సీల్ చేసిన ఆ డబ్బా లోపల ప్రెషర్ పెరిగి, గేజ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పొద్దున చల్లగా 6 చూపించింది, ట్రాఫిక్‌లో తిరిగొచ్చాక 4 చూపిస్తోంది అని టెన్షన్ పడి స్క్రూ తిప్పేవాళ్లు ఉంటారు. తిప్పకండి. ఇంజిన్ చల్లారాక మళ్లీ చూడండి.

గేజ్ డ్యాష్‌బోర్డ్‌లో కావాలంటే ఎలక్ట్రిక్ సెండర్ ఉన్నది తీసుకోండి. పెట్రోల్ నిండిన సన్న పైపుని క్యాబిన్‌లోకి, మీ మోకాళ్ల మీదికి తేవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ప్రెషర్ సెట్ చేయడం ఎలా?

డెడ్‌హెడ్‌ని ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా సెట్ చేయాలి. ముందు లాక్ నట్ వదులు చేయండి, స్క్రూని బాగా బయటికి తిప్పి తక్కువ ప్రెషర్ దగ్గర మొదలుపెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ గేజ్ చూడండి. లోపలికి తిప్పితే ప్రెషర్ పెరుగుతుంది.

పెంచడం బాగానే ఉంటుంది, తగ్గించబోతేనే అందరూ కంగారు పడతారు. స్క్రూ బయటికి తిప్పినా ముల్లు కదలదు. రెగ్యులేటర్ పాడైపోలేదు. రెగ్యులేటర్‌కీ కార్బురేటర్‌కీ మధ్య బంధించి ఉన్న పెట్రోల్‌కి బయటికి పోయే దారి లేదు, ఇంజిన్ దాన్ని తాగితే గానీ ప్రెషర్ దిగదు. యాక్సిలరేటర్ ఒకసారి కొద్దిగా తొక్కి వదలండి, ముల్లు అప్పుడు కొత్త చోటికి వస్తుంది. కావాల్సిన అంకె వచ్చాక లాక్ నట్ బిగించి మళ్లీ గేజ్ చూడండి, బిగించేటప్పుడు స్క్రూ దాంతోపాటు కాస్త తిరుగుతుంది.

మెకానికల్ పంపు ఉంటే ముల్లు సన్నగా అదురుతూ ఉంటుంది, పంపు కొట్టుకునే దెబ్బ అది, పట్టించుకోకండి.

రిటర్న్ రకంలో ఎలక్ట్రిక్ పంపు ఉంటే ఇంజిన్ ఆపి, పంపు మాత్రమే ఆన్ చేసి సెట్ చేసుకోవచ్చు. స్క్రూ పూర్తిగా వదులు చేసినా ప్రెషర్ దిగనంటే రెగ్యులేటర్‌ని అనుమానించకండి, రిటర్న్ పైపు సన్నగా ఉంది లేదా ఎక్కడో నొక్కుకుపోయింది.

రిటర్న్ పైపు ట్యాంకులో ఎక్కడ వదలాలి?

పికప్‌కి (పంపు పెట్రోల్ పీల్చే మూతికి) దూరంగా. పక్కనే వదిలితే నురగ, గాలి బుడగలు మళ్లీ పంపులోకే పోతాయి. పైపు సైజు ఫీడ్ లైన్ కంటే చిన్నది కాకుండా చూసుకోండి. ట్యాంకు వెంట్ బాగుందో లేదో కూడా ఇప్పుడే చూడండి. వెంట్ మూసుకుపోయిన ట్యాంకులోంచి పంపు పెట్రోల్ లాగలేదు. అరగంట తిరిగాక ఆగిపోయి, క్యాప్ తీయగానే బుస్సుమని మళ్లీ నడిచే బండ్ల జబ్బు ఇదే.

మూడు స్ట్రామ్‌బర్గ్‌లు వరసగా ఉన్నాయి, మూడు రెగ్యులేటర్లు కావాలా?

ఒకటి చాలు. రెగ్యులేటర్ నుంచి ఒక లైన్ ఫ్యూయల్ బ్లాక్‌కి, బ్లాక్ నుంచి ఒక్కో కార్బురేటర్‌కి ఒక్కో హోస్. గేజ్ బ్లాక్ మీద పెట్టండి.

ఎలక్ట్రిక్ పంపు వైరింగ్‌లో ఏం చూసుకోవాలి?

పంపు ట్యాంకుకి దగ్గరగా, వీలైతే ట్యాంకు అడుగు కంటే కిందుగా. ఈ పంపులు నెట్టడంలో గట్టివి, పీల్చడంలో బలహీనం, ఇంజిన్ పక్కన పెట్టి వెనకనుంచి లాగమంటే లాగవు. కరెంటు రిలే ద్వారా, ఫ్యూజ్‌తో ఇవ్వాలి.

ఒక్క విషయంలో మాత్రం బేరం ఒప్పుకోను. ఇంజిన్ ఆగితే పంపు ఆగాలి. యాక్సిడెంట్ అయి లైన్ తెగినా, కీ ఆన్‌లోనే ఉంటే ఎలక్ట్రిక్ పంపు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ పెడితే ఆయిల్ ప్రెషర్ పడగానే పంపు ఆగుతుంది, ఫోర్డ్ కార్లలో వచ్చే ఇనర్షియా స్విచ్ పెడితే గుద్దుడికి ఆగుతుంది. రెండూ పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇంకా 6 వోల్టులు, పాజిటివ్ గ్రౌండ్ మీద నడిచే పాత ఫోర్డ్ అయితే దానికి పనికొచ్చే పంపునే చూసి కొనండి.

రెగ్యులేటర్ పెట్టి 6కి సెట్ చేశా, అయినా పొంగుతోంది!

అయితే తప్పు కార్బురేటర్‌లో ఉంది. కొత్త లైన్లు వేశాక పొంగడం మొదలైతే నూటికి తొంభై పాళ్లు నీడిల్ కింద చెత్త. నీడిల్ తీసి శుభ్రం చేయండి. తర్వాత ఫ్లోట్ లెవెల్ చూడండి. పక్కన సైట్ ప్లగ్ ఉన్న హోలీ అయితే ఐడిల్‌లో ఆ ప్లగ్ తీసినప్పుడు పెట్రోల్ రంధ్రం అడుగు అంచుకి వచ్చి ఆగాలి. కింద ఒక గుడ్డ పెట్టుకుని, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఈ పని చేయండి. ఫ్లోట్ చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంటే అది చిల్లుపడింది, మార్చేయండి.

ఐడిల్‌లో 6, గట్టిగా తొక్కితే 2కి పడిపోతోంది. స్క్రూ ఇంకా తిప్పనా?

తిప్పితే ఐడిల్‌లో పొంగుతుంది, గట్టిగా తొక్కితే మాత్రం తేడా ఉండదు. ప్రెషర్ పడిపోతోందంటే పెట్రోల్ చాలినంత రావడం లేదు. ఫిల్టర్ చూడండి, పికప్ జాలీ చూడండి, నలిగిన హోస్ ఉందేమో చూడండి, పంపు దగ్గర వోల్టేజ్ కొలవండి. చౌక రకం గుండ్రటి డయల్ రెగ్యులేటర్ పెట్టి ఉంటే అదే అసలు దొంగ కావచ్చు, వాటి లోపలి దారి చాలా సన్నం, పైన డయల్ మీద అంకెల్ని గేజ్‌తో సరిచూడకుండా నమ్మలేం.

వేడెక్కాక స్టార్ట్ కావడం లేదు, రెగ్యులేటర్ వల్లేనా?

సాధారణంగా కాదు. ఇంజిన్ ఆపాక వేడికి లైన్‌లోనూ బౌల్‌లోనూ పెట్రోల్ మరిగిపోతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో ఈ బాధ ఎక్కువ. లైన్‌ని హెడర్స్ నుంచి దూరంగా జరపండి, కార్బురేటర్ కింద వేడి ఎక్కనివ్వని ఫినాలిక్ స్పేసర్ పెట్టండి. డెడ్‌హెడ్ నుంచి రిటర్న్‌కి మారడానికి మాత్రం ఇదే అన్నిటికంటే మంచి కారణం.

టర్బో, సూపర్‌చార్జర్ ఉంటే?

కార్బురేటర్ మీదున్న రూట్స్ బ్లోయర్ అయితే మామూలు లెక్కే, బౌల్ మీద బయటి గాలి ప్రెషరే ఉంటుంది. టర్బో కార్బురేటర్ లోపలికి గాలి ఊదే రకం అయితే బూస్ట్ (టర్బో ఊదే గాలి ప్రెషర్) రిఫరెన్స్ పోర్టు ఉన్న రెగ్యులేటర్ కావాలి, బూస్ట్ ఒక పీఎస్ఐ పెరిగితే పెట్రోల్ కూడా ఒక పీఎస్ఐ పెరగాలి. 8 పీఎస్ఐ బూస్ట్, 6 బేస్ అంటే పంపు 14 దగ్గర కూడా చాలినంత పోయాలి.

డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్తే చెకింగ్‌లో ఏం చూస్తారు?

ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ) రూల్స్ ప్రకారం విడి రబ్బరు హోస్ ముందునుంచి వెనక దాకా అన్నీ కలిపి 12 అంగుళాలు దాటకూడదు. లైన్ ఫ్లైవీల్ పక్కగా పోతే అక్కడ 16 అంగుళాల పొడవు, 1/8 అంగుళం మందం స్టీల్ గొట్టం లోపల ఉండాలి. పగిలిన క్లచ్ ముక్క పెట్రోల్ లైన్‌ని కోసేస్తే ఎలా ఉంటుందో ఊహిస్తే ఆ రూల్ ఎందుకో తెలుస్తుంది. ట్రాక్‌కి పోకపోయినా పాటించండి.

గరాజ్‌లో చేసేటప్పుడు జాగ్రత్తలు?

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది, అమెరికా ఇళ్లలో చాలాచోట్ల గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే, పైలట్ మంటతో ఉంటుంది. హీటర్ ఆపి, తలుపు పూర్తిగా ఎత్తి పని మొదలుపెట్టండి. పెట్రోల్ మంటలకి పనికొచ్చే బీ క్లాస్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి, బండి వెనక గోడకి కాదు. అన్నీ బిగించాక పంపు ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఒక్కో జాయింట్ చుట్టూ టిష్యూ పేపర్ తిప్పండి. కంటికి కనపడని తడి కాగితం మీద మచ్చలా తెలుస్తుంది.

ఇండియాలో మా నాన్నగారి పాత పద్మినికి ఇది పెట్టించొచ్చా?

దానికి ఒకే కార్బురేటర్, మెకానికల్ పంపు. అవసరమే లేదు. అక్కడ ఇప్పుడు ఈ20 వస్తోంది కాబట్టి ఆ డబ్బులతో పాత రబ్బరు హోస్‌లూ పంపు డయాఫ్రమ్ మార్పించండి. ఇక్కడి పద్ధతిలో ఇంజిన్ మార్చి హాట్‌రాడ్ కట్టాలనుకుంటే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన బండిని మార్చడానికి అడ్డుపడుతుంది, ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

రెగ్యులేటర్ పైన చిన్న రంధ్రంలోంచి పెట్రోల్ కారుతోంది. సీలెంట్ పెట్టి మూసేయనా?

మూయకండి. అది డయాఫ్రమ్ వెనక గాలి ఆడే రంధ్రం, మూస్తే రెగ్యులేటర్ సరిగా పనిచేయదు. అందులోంచి పెట్రోల్ వస్తోందంటే డయాఫ్రమ్ చిరిగిపోయింది. పంపు ఆపేయండి, బండి కదపకండి, రిపేర్ కిట్ దొరికితే డయాఫ్రమ్ మార్చండి, లేకపోతే కొత్త రెగ్యులేటర్ తెచ్చుకోండి.